ముట్టి బాగు చేసిండు

మచ్చ అంటే ఏం భయమో మీకు తెల్వదు బిడ్డా. మీరు పుట్టేసరికే ఆ భయం సగం సచ్చింది. మా చిన్నతనంల ఊరి మీదికి ఎలుగొడ్డు వచ్చిందంటే అందరు కట్టెలు పట్టుకొని ఉరుకుతుండె. గని ఫలానామె ఒంటి మీద మచ్చ లేసిందట అంటే ఒక్కలు సుత ఆ ఇంటి దిక్కు పోకపోతుండె. పేరు పెట్టి అనకపోతుండె, పెద్దరోగం అంటుండె. కుష్టు అన్న మాట నోట్లకెళ్లి వస్తే రోగం ఇంట్లకు వస్తదని భయం.

ఆ పెద్దరోగం మా అవ్వకు వచ్చింది. నిజాం రాజ్యం పోయి కొన్నేండ్లయింది గప్పుడు. మాది కామారెడ్డి దిక్కు పల్లె. అవ్వకు మోచేతి కింద రాగిరంగుల చిన్న మచ్చ. దురద లేదు, నొప్పి లేదు. నొప్పి లేకపోవుడే ఆ రోగం గుణం, నరాలను చంపుకుంట పోతది. ఒకనాడు పొయ్యి మీదికెళ్లి గట్క కుండ దించుతున్నది. నేను పక్కనే కూసున్న. మసిగుడ్డ జారింది, ఉత్త చెయ్యితోనే కుండ పట్టుకున్నది. మెల్లగ దించి కింద పెట్టి, ఆకలైతుందా కొడుకా అని నా దిక్కు చూసింది. తోలు కాలిన వాసన నాకు వస్తున్నది, ఆమెకు తెల్వలే. నేను చెయ్యి చూపెడితే చూసుకున్నది. వేళ్ల మీద తోలు తెల్లగ పొంగి లేచింది. గప్పుడు మా అవ్వ మొకంల చూసిన భయం ఇన్నేండ్లల్ల ఇంకెవల మొకంల చూడలే.

ఎన్ని దినాలు దాస్తరు? పుండ్లు పడ్డయి, ఊరికి తెలిసింది. పెద్దమనుషులు కూసొని మాట్లాడిండ్రు. చేను గట్టు మీద గుడిసె వేసి అవ్వను అక్కడ ఉంచిండ్రు. బాయి కాడికి రావద్దు, బాటల ఎదురుపడద్దు. ఇంకో మనువు చేసుకో, పిల్లగాని మొకం చూడు అని మా నాయినకు మస్తుమంది చెప్పిండ్రు. ఆయన ఒక్కనాడు సుత ఔను అనలే. పొద్దుగూకితే సద్ది మూట నాకిచ్చి పంపుతుండె. నేను గట్టు కాడ పెట్టి, అవ్వా అని కేకేసి ఎనుకకు ఉరికొస్తుంటి. కన్నతల్లి కాడికి పోవాలంటే కాళ్లు రాకపోతుండె. ఆమె సుత దగ్గరికి రమ్మని పిలువకపోతుండె.

మాది మా తాత కాలంలనే బాప్తిస్మం తీసుకున్న ఇల్లు. ఊర్ల చిన్న ప్రార్థన గుడిసె, ఒక ఉపదేశి ఉండె. ఎర్రటి ఎండల గొడుగు లేకుండ నాలుగూర్లు తిరిగెటోడు. ఆయన ఒక రాత్రి కందీలు పట్టుకొని అవ్వ గుడిసెకు పోయిండు. నేను ఆయన ఎనుక పోయి, దూరం నిలబడి చూస్తున్న. బయట కూసుంటడు అనుకున్న. లోపలికి పోయి ఆమె సాప మీదనే కూసున్నడు. మార్కు సువార్త మొదటి అధ్యాయం తీసి, కుష్టు ఉన్న మనిషి యేసుప్రభువు కాడికి వచ్చిన ముచ్చట చదివిండు.

అవ్వకు చదువు రాదు. చదివినంక ఒక్క మాట అడిగింది: “అయ్యా, ప్రభువు బాగు చేసినంక ముట్టిండా, ముట్టి బాగు చేసిండా?”

ఉపదేశి మళ్ల మొదటికెళ్లి చదివి చూసి చెప్పిండు: “ముందుగాల ముట్టిండమ్మా. రోగం ఉన్నప్పుడే ముట్టిండు. ఆ తర్వాతనే రోగం పోయింది.”

గప్పుడు అవ్వ ఏడ్చింది. ఊరు బయటికి పంపిన దినం సుత గట్ల ఏడువలే.

ఆ అధ్యాయం ఆఖర్ల ఇంకో మాట ఉన్నది, మస్తుమంది చదివి దాటిపోతరు. బాగైన మనిషి ఊరంత తిరిగి చెప్పిండు. దాంతోని యేసుప్రభువు ఎవలకు కనపడేటట్టు ఊర్లకు పోలేక, ఊరి బయట మనుషులు లేని తావుల ఉండాల్సి వచ్చింది. అంటే రోగి ఊర్లకు పోయిండు, ప్రభువు రోగి ఉన్న తావుకు వచ్చిండు. మోషే ధర్మశాస్త్రంల కుష్టు ఉన్నోడు పాళెం బయట ఒంటరిగ ఉండాలె అని ఉండె గద, ఆ తావుకు. ఉపదేశి ఇదంత చెప్తే అవ్వ గుడిసె చుట్టు చూసి, “అయితే గిక్కడనే ఉన్నడా?” అన్నది. ఆయన “గిక్కడనే ఉన్నడమ్మా” అన్నడు.

ఆనాటికెళ్లి అవ్వకు భయం పోయిందని చెప్తే అబద్ధమైతది. విశ్వాసం ఉంటే భయమే ఉండదని కొందరు ప్రసంగం చేస్తరు. నేనైతే అట్ల చూడలే. రాత్రి నక్కలు కూస్తుంటే ఆమె వణుకుడు తెల్లారి గొంతుల సుత తెలుస్తుండె. గని వణుకుకుంటనే పెద్దగ ప్రార్థన చేస్తుండె. 23వ కీర్తన ఉపదేశి కంఠతా నేర్పిండు, గట్టు దాక వినపడేటట్టు చెప్పుకుంటుండె. భయం పోయినంక దేవుణ్ని నమ్ముదమని కూసోలే. భయపడుకుంటనే ఆయన చెయ్యి పట్టుకున్నది. నాకు తెలిసిన విశ్వాసం అది.

ఉపదేశే ఆమెను డిచ్‌పల్లికి తోలుకపోయిండు. ఆ దవఖాన ముచ్చట చెప్పాలె. స్కాట్లండుకెళ్లి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె పెనిమిటి జార్జి కెర్ అయ్యగారు నిజామాబాదుల మిషను పనికి వచ్చిండ్రు. చెట్ల కింద, బాటల పక్కన పడి ఉన్న కుష్టు రోగులను చూసి ఊకోలేకపోయిండ్రు. నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు పైకం ఇచ్చిండు. ఆయన హిందువు. మంచి పని ఎవల చేతులకెళ్లి జరగాలెనో దేవునికే ఎరుక. 1915ల డిచ్‌పల్లిల దవఖాన లేసింది. ఆ కాలంల చాల్మోగ్ర నూనె సూదులు ఇస్తుండె. సూది వేసిన కాడ గడ్డకట్టి మంటలేస్తుండెనని పాత రోగులు చెప్తుండిరి. అయినా ఊరూరికెళ్లి నడుచుకుంట వచ్చిండ్రట. మా అవ్వ పోయేసరికి డాప్సోన్ మాత్రలు వచ్చినయి. ఏండ్ల తరబడి మింగాలె.

మా నాయినతోని మీటర్‌గేజి బండి ఎక్కి చూడపోయిన. డిచ్‌పల్లి టేసన్ల దిగంగనే నా పానం గుబగుబ. లోపల ఒక నర్సమ్మ అవ్వ కాలు తన ఒడిల పెట్టుకొని పుండు కడుగుతున్నది. చేతులకు తొడుగులు లేవు. గోరువెచ్చటి నీళ్లు పోసి, వేళ్ల సందులల్ల తుడిచి, మెత్తగ కట్టు కట్టి, కాలు మీద ఒకసారి చెయ్యి రాసి దించింది. మీకు భయం కాదా అని నోరు జారి అడిగిన. మొదట్ల రోజు భయమయ్యేది, రోజు ప్రార్థన చేసి చేతులు పెట్టేదాన్ని అన్నది. ఇప్పుడు? ఇప్పుడు సుత ప్రార్థన చేసే చేతులు పెడుత అన్నది.

నేను పోయి అవ్వ పక్కన కూసున్న. ఎన్నో దినాలకు నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి నా వెంట్రుకలు తగులుతున్నట్టు తెలుస్తలేదు, నాకు తెలుసు. వేళ్లు నా మొకం మీదికి వచ్చినప్పుడు లోపల ఒణుకు పుట్టింది. ప్రభువా, నన్ను ఉరకనీయకు అనుకున్న. ఉరకలే.

రోగం పోయింది, అవ్వ ఇంటికొచ్చింది. రెండు వేళ్లు వంగిపోయి ఉండె. ఊరికి దవఖాన కాయిదం చూపెట్టినం, డాక్టరు మాట చెప్పినం. తలలు ఊపిండ్రు గని దూరం దూరమే. నెలకొకసారి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభువు సంస్కారం ఇస్తుండె. ఒకటే గిన్నె, అందరు దాంట్లనే తాగాలె. అవ్వ తనకు తానే ఆఖర్ల మోకరిస్తుండె, తన ఎనుక ఇంకెవలు తాగే పని లేకుండ. గని సంస్కారం అయినంక మిగిలిన ద్రాక్షారసం పారబొయ్యరు, అయ్యగారే తాగాలె. అందరు చూస్తుండంగ, మా అవ్వ పెదవి ఆనిన గిన్నె ఎత్తి ఆయన అడుగు దాక తాగుతుండె. దాని మీద ప్రసంగం ఏం చెయ్యలే. నెల నెల తాగిండు, గంతే.

ఏడాది దాటిందో, రెండేండ్లో. అవ్వ ఎనుక మోకరించుడు ఎవలు మొదలుపెట్టిండ్రో నాకు యాదికి లేదు. ఒకనాడు చూసేసరికి ఆమె వరుస నడుమ ఉన్నది, అటు ఇటు ఆడోళ్లు ఉన్నరు.

రోగం కన్న మనుషుల భయమే మొండిది. 1982ల కొత్త మందుల వైద్యం వచ్చింది, ఒకటి కన్న ఎక్కువ మందులు కలిపి ఇస్తరు. అయినా కుష్టు ఉన్నదని మొగుడుపెండ్లాలు విడాకులు తీసుకోవచ్చన్న మాట మన చట్టాలల్ల 2019 దాక ఉండె. హిందువులకు, మనకు, ముసల్మానులకు అందరికి. మా నాయిన చదువుకోలే, ఆ చట్టం ఆయనకు తెల్వదు. తెలిసినా అవ్వను ఇడవకపోతుండె.

ఇగ మీ సంగతి. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చనో ఎర్రటి మచ్చనో లేస్తే, దాని మీద దూది రాసినా సూది కుచ్చినా తెల్వకపోతే, దాచిపెట్టకుండ్రి. ఆశ వర్కరమ్మకు చెప్పుండ్రి, సర్కారు దవఖానల మందు పైసలు లేకుండ ఇస్తరు. ఆరు నెలలనో ఏడాదో మింగితే పోతది. మందు మొదలుపెట్టిన కొద్ది దినాలకే ఇంకొకలకు అంటుడు ఆగుతది. మనుషులల్ల ఎక్కువ మందికి అసలు అంటనే అంటదు, ఒళ్లే దాన్ని తట్టుకుంటది. ఒక్కలు పోనీకి భయమైతే నన్ను పిలువుండ్రి. ప్రార్థన చేసుకొనే పోదం, నేను తోడొస్త.