తీర్పు ఎవరిది?

1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నతవిద్య బోధించింది. భారతీయ భాష అందుకు చాలునని నిరూపించటం ఘనకార్యమే. కాని ఓరుగల్లు రైతుబిడ్డకు ఉర్దూ సైతం పరభాషే. పరభాషలో తడబాటు మందబుద్ధిగా చెలామణి అయింది. 1904లో హనుమకొండలో స్థాపితమైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలే తెలుగు చదువుకు ఆశ్రయమిచ్చాయి.

ఎద్దులపై ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కనుకు వలసవచ్చిన లంబాడీలు తెలంగాణలో 1976లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. హక్కు వచ్చింది, చిక్కు తీరలేదు. తండాబిడ్డకు ఇంట గోర్‌బోలి, బడిలో తెలుగు, ఇంగ్లీషు. ఈ బిడ్డకు చదువు రాదనుకున్న ఉపాధ్యాయుడు ప్రశ్న అడగటం మానేస్తాడు. అడగని బిడ్డ వెనుకబడుతుంది. ఆ వెనుకబాటే తొలి తీర్పుకు సాక్ష్యమవుతుంది. నిన్న మనం పడిన నిందనే నేడు తండామీద మోపుతున్నాం. ఈ చరిత్ర చదివిన ఉపాధ్యాయుడు ముందుగా ఆ తీర్పును రద్దుచేయాలి.