ఎల్‌కేజీలో 'కేజీ' అంటే ఏంటి? ఆటల బడిని నిషేధించిన కథ

పోయిన ఆదివారం మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మేనల్లుడికి నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. సోఫా కింద బొమ్మ కార్లన్నీ వరసగా పార్క్ చేసుకుంటున్నాడు. "ఆటలు ఆపు, ముందు హోంవర్క్ రాయి" అంది అక్క. ఒకటి నుంచి యాభై వరకు రెండు పేజీలు. పాపం, ఏడుస్తూనే రాశాడు. ఆ బుక్ అట్ట మీద 'కిండర్‌గార్టెన్' అని ఉంది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ మాట గురించే.

అది జర్మన్ మాట. కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. ఈ పేరు పెట్టింది ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. 1782లో పుట్టాడు. ఏడాది కూడా నిండకముందే తల్లి పోయింది. పెద్దయ్యాక అడవుల పని నేర్చుకున్నాడు, బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో పని చేశాడు. స్ఫటికాల ఆకారాలు చూసీ చూసీ ఆ ఆలోచన ఆయన మనసులో నాటుకుపోయింది. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో చిన్నపిల్లల కోసం బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

ఆ బడిలో పాటలు, ఆటలు, పిల్లలే మొక్కలు పెంచే మడులు ఉండేవి. వాటితో పాటు 'గిఫ్ట్స్' అని కొన్ని ఆటవస్తువులు. మొదటిది రంగురంగుల ఊలు బంతులు. మూడోది ఒక చెక్క ఘనం. విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలు. పిల్లాడు వాటితో కుర్చీ కట్టొచ్చు, ముగ్గులా పేర్చొచ్చు. సగం అంటే నాలుగు, పావు అంటే రెండు అని చేతికే తెలుస్తుంది. అంటే ఆయన లెక్కల్ని తీసెయ్యలేదు, ఆటలో పెట్టాడు. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు ట్విస్ట్. 1848లో జర్మనీలో తిరుగుబాట్లు జరిగాయి, ప్రభుత్వాలకు భయం పట్టుకుంది. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని ఆరోపణ. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ రాసిన ఒక పుస్తకం వల్ల ఇద్దర్నీ కలిపేసుకోవడం కూడా ఒక కారణం. ఫ్రోబెల్ వివరణ ఇచ్చినా ఆర్డర్ మారలేదు. మరుసటి ఏడాది, 1852లో ఆయన చనిపోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

కానీ ఐడియా ఆగలేదు. దాన్ని మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1856లో మార్గరెట్ షుర్జ్ అమెరికాలోని వాటర్‌టౌన్‌లో తన ఇంట్లోనే కిండర్‌గార్టెన్ మొదలుపెట్టింది. మన దేశంలో ఇంకో దారి నుంచి ఇలాంటి ఆలోచనే వచ్చింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే లాయర్, కొడుకు పుట్టాక పిల్లల చదువు గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి పుస్తకాలు చదివాడు. వకీలు పని మానేసి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిర్ పెట్టాడు. భయం, దెబ్బలు లేకుండా కథలతో, ఆటలతో చదువు. మాంటిస్సోరి కూడా 1939లో స్వయంగా మద్రాసు వచ్చి టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది.

మరి ఆట ఎక్కడ పోయింది? దీనికి ప్రష్యానొక్కదాన్నే తిట్టలేం. ఫ్రోబెల్ తర్వాత ఆయన పేరు చెప్పుకున్న చాలా బళ్ళలో ఆ చెక్కముక్కల్ని కూడా టీచర్ చెప్పినట్టే, ఒకే వరసలో పెట్టించారు. వస్తువు అదే, ఆట మాత్రం లేదు. మన ఎల్‌కేజీల్లో పేరొక్కటే మిగిలింది. 2020 జాతీయ విద్యా విధానం చిన్న తరగతుల్లో ఆటల ద్వారానే నేర్పాలంటోంది. కాగితం మీద ఉంది, క్లాస్‌రూమ్‌లోకి రావాలి.

అక్కని తప్పుపట్టను. "పక్కింటి పాప వంద దాకా రాస్తోందిరా, వీడు వెనకబడితే?" అంది. ఆ భయం నిజమైనదే. నేనేం వాదించలేదు. వాడి పక్కన కూర్చుని, "ఒరేయ్, పార్కింగ్‌లో ఎన్ని కార్లున్నాయి? మూడు వెళ్ళిపోతే?" అన్నాను. వేళ్ళు కూడా చూడకుండా "ఎనిమిది" అన్నాడు. అక్క తలెత్తి చూసింది.

రేపు మీ ఇంట్లో పిల్లల్ని స్కూల్లో చేర్చేటప్పుడు ఫీజు, బస్సు అడుగుతారు కదా, ఇంకొక్కటి కూడా అడగండి: "రోజుకి ఎంతసేపు ఆడుకుంటారు?" వాళ్ళు ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.