పంఖా నోరు విప్పిన తారీఖ్

తొలి పర్సనల్ కంప్యూటర్ల జమానాలో ప్రాసెసర్‌కు విడిగా పంఖా ఉండేది కాదు. 1981లో ఐబీఎం తెచ్చిన పీసీలో ఫ్యాన్ పవర్ సప్లై డబ్బాలో ఉండేది. ప్రాసెసర్ మీద ఏమీ లేదు. అది పుట్టించే గర్మీ అంత తక్కువ మరి.

అంతకు ఏడాది ముందే ఆపిల్ కంపెనీలో స్టీవ్ జాబ్స్ ఒక జిద్దు పట్టారు. షోర్ ఉండకూడదు, కాబట్టి ఆపిల్ 3లో ఫ్యానే వద్దన్నారు. గర్మీ లోపలే ఉండిపోయింది. మిగతా లోపాలూ తోడై మిషన్లు మొరాయించాయి, మోడల్ బద్‌నామ్ అయింది. ఖామోషీ అందరికీ ఇష్టమే. కానీ హవా బంద్ చేసి తెచ్చుకున్న ఖామోషీ చాలా మహంగా పడింది.

1993లో పెంటియం వచ్చేసరికి ఇక బహస్ లేదు. ప్రాసెసర్ నెత్తిన లోహపు దిమ్మె, దానిపై పంఖా మామూలైపోయాయి. రెండు తీగలుంటే చాలు, ఫ్యాన్ తిరుగుతుంది: ఒకటి 12 వోల్టులది, ఒకటి గ్రౌండ్. కానీ అది ఆగిపోతే బోర్డుకు ఖబర్ ఉండదు. అందుకే మూడో తీగ. చుట్టుకు రెండు ఇషారాలు పంపుతుంది. నిమిషానికి 1200 చుట్లంటే సెకనుకు 40 ఇషారాలు. పంఖా జవాబ్ చెప్పడం నేర్చింది.

రఫ్తార్ తగ్గించాలంటే మాత్రం వోల్టేజీ తగ్గించాలి. మరీ తగ్గిస్తే మోటారు కదలదు. ఈ ముష్కిల్‌కు హల్, 2004 ప్రాంతంలో ఇంటెల్ ఖరారు చేసిన నాలుగో తీగ. 12 వోల్టులు అలాగే ఉంటాయి. నాలుగో తీగ మీద సెకనుకు దాదాపు 25 వేల సార్లు హుకుం వెళ్తుంది. మన చెవి సుమారు 20 వేల దాకే వింటుంది కనుక ఆ సవ్వడి మనకు చేరదు. జాబ్స్ కోరిన ఖామోషీకి దగ్గరి దారి పంఖాను అదుపులో పెట్టడమే అని తేలింది.

ఇంట్లో డెస్క్‌టాప్ విప్పితే ఈ తారీఖ్ అంతా కనబడుతుంది. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల చోటా దిగుతుంది, గాడి చూసి పెట్టండి. బయాస్‌లో డీసీ పద్ధతికి మార్చకపోతే మాత్రం అది పూర్తి వేగంతోనే తిరగొచ్చు. ప్రాసెసర్ పంఖాను 'సీపీయూ ఫ్యాన్' అని రాసిన చోటే పెట్టండి. లేకుంటే జవాబ్ అందక, ఫ్యాన్ ఆగిందేమోనని బోర్డు గాబరా పడుతుంది.

పిల్లల చదువు, ఇంటి తస్వీర్లు ఆ డబ్బాలోనే ఉంటాయి. షోర్ ఎక్కువైందని పంఖా పీకకండి. ముందు దుమ్ము దులపండి. తర్వాత తీగలు లెక్కపెట్టండి.