పెద్దవాళ్ల మందు, పడుచువాళ్ల మోతాదు

1980లో బ్రిటన్‌లో ఓప్రెన్ అనే కీళ్లవాతం మందు అమ్మకానికి వచ్చింది. అసలు పేరు బెనోక్సాప్రోఫెన్. తయారుచేసింది ఇలై లిల్లీ కంపెనీ. రోజుకి ఒక్కసారి 600 మిల్లీగ్రాములు వేసుకుంటే చాలు. నొప్పి తగ్గించడమే కాదు, జబ్బు ముదరకుండా కూడా ఆపుతుందని ప్రచారం జరిగింది. పొద్దున్నే మంచం దిగడమే ఒక ప్రయాసగా ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? డాక్టర్లు రాశారు, జనం వాడారు. కీళ్లనొప్పుల మందు కాబట్టి వాడినవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లే.

1982 మేలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెల్‌ఫాస్ట్ వైద్యుల నివేదిక ఒకటి వచ్చింది. ఓప్రెన్ వాడుతున్న వృద్ధులు కొందరు కామెర్లు ముదిరి చనిపోయారని దాని సారాంశం. ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం మందు లైసెన్సు ఆపేసింది. అప్పటికి చేరిన సైడ్ ఎఫెక్ట్స్ ఫిర్యాదులు 3,500 పైచిలుకు, అందులో మరణాలు 61. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. అమెరికాలో ఓరాఫ్లెక్స్ పేరుతో ఆ ఏడాదే మొదలైన అమ్మకాలు కూడా ఆగస్టులోనే ఆగిపోయాయి.

అదే మాత్ర ముసలివాళ్లనే ఎందుకంత దెబ్బతీసింది? ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఈ మందు అర్ధాయువు పడుచువాళ్లలో సుమారు ఒకటిన్నర రోజు. ఎనభై ఏళ్లవాళ్లలో నాలుగు రోజులు దాటింది. వయసుతో మూత్రపిండాల పని మందగిస్తుంది కదా, నిన్నటి మాత్ర బయటికి పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. లెక్క వేసి చూస్తే, కొన్ని వారాలకి పడుచువాళ్ల ఒంట్లో రెండు మూడు రోజుల మందు నిలవుంటే, ముసలివాళ్ల ఒంట్లో ఆరు రోజుల మందు పేరుకుపోతుంది. వేసుకునేది మాత్రం రోజూ అవే 600 మిల్లీగ్రాములు.

మూత్రపిండాల సంగతి అప్పటి వైద్యులకి తెలియనిదేమీ కాదు. కానీ మందుల పరీక్షలకి వేరే జబ్బుల్లేని, వేరే మందులు వాడని, వయసులో ఉన్నవాళ్లని ఎంచుకోవడం ఆనవాయితీ. అలాంటివాళ్లమీద ఫలితాలు శుభ్రంగా వస్తాయి. రేపు ఆ మందు మింగబోయేది ఎవరన్నది వేరే ప్రశ్న అయిపోయింది.

తర్వాత కోర్టులు. విదేశాల్లో జరిగిన మరణాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకి తెలియజేయలేదన్న నేరాన్ని 1985లో కంపెనీ ఒప్పుకుంది. జరిమానా 25 వేల డాలర్లు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా బాధితులు దావా వేశారు. కొద్దో గొప్పో దాచుకున్న పింఛనుదారులకి ప్రభుత్వ న్యాయసహాయం అందలేదు. గాడ్‌ఫ్రీ బ్రాడ్‌మన్ అనే వ్యాపారి ఖర్చు భరిస్తానని ముందుకొస్తే తప్ప కేసు నడవని పరిస్థితి. చివరికి 1987లో అందరికీ కలిపి దాదాపు 23 లక్షల పౌండ్లకి రాజీ కుదిరింది. తప్పు తమదని కంపెనీ ఒప్పుకోలేదు. నష్టపరిహారం కట్టేటప్పుడు పోయిన సంపాదనని, మిగిలిన ఆయుష్షుని లెక్కిస్తారు. ముసలివాళ్లకి ఆ రెండూ తక్కువే. మోతాదు దగ్గర ఎవరూ పట్టించుకోని వయసు పరిహారం దగ్గర మాత్రం అందరికీ గుర్తొచ్చింది.

ఆ తర్వాత కొన్ని మార్పులొచ్చాయి. వృద్ధులు వాడబోయే మందుల్ని వృద్ధులమీద కూడా పరీక్షించాలని 1989లో అమెరికా, 1993లో అంతర్జాతీయ సమన్వయ మండలి మార్గదర్శకాలు ఇచ్చాయి. 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు, సహచరులతో కలిసి, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లకి తగని మందుల జాబితా తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ, విస్తరిస్తూ వాడుతున్నారు.

మన ఇళ్లలో పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిస్తే బీపీకొకటి, షుగరుకొకటి, నిద్రకొకటి, మోకాళ్లకొకటి ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో డాక్టరు రాసినవి. అమ్మమ్మ ఈమధ్య తూలుతోందన్నా, మతిమరుపు వస్తోందన్నా "వయసు మీద పడింది కదా" అనేస్తాం. నిజంగా వయసే కావచ్చు. ఆ డబ్బాలోదే ఒక మాత్ర కూడా కావచ్చు. మొత్తం డబ్బా పట్టుకెళ్లి ఒకే డాక్టరుకి చూపించి, ఈ వయసుకి, ఈ కిడ్నీలకి ఇదే మోతాదా అని అడిగితే తప్ప ఆ తేడా తెలియదు.