షుగర్ ఉన్నవారికి తలనొప్పి.. మైగ్రేనా, షుగర్ పడిపోయిందా?

మైగ్రేన్ ఉంటే షుగర్ వస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. ఫ్రాన్స్‌లో 74,247 మంది మహిళలపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. అందులో మైగ్రేన్ ఉన్నవారికి టైప్-2 షుగర్ ముప్పు దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. కారణం మాత్రం ఇంకా తేలలేదు. అందుకని 'మనకు షుగర్ రాదులే' అని పరీక్షలు మానుకోవద్దు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవారు రోజా ఉన్నా, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతూ గంటల తరబడి ఏమీ తినకపోయినా షుగర్ పడిపోయి తలనొప్పి రావచ్చు. చెమట, వణుకు, కంగారు కూడా ఉంటే వెంటనే మీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే రోజా విరమించి, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి. మీటర్ లేకపోతే ఆలస్యం చేయకుండా చక్కెర తీసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు 100 కిలోమీటర్లకు పైనే.

మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రనోలాల్ వణుకు, గుండెదడ తెలియనివ్వదు. చెమట ఒక్కటే గుర్తు కావచ్చు. కాబట్టి రెండు జబ్బులూ ఉన్నాయని డాక్టర్‌కు తప్పక చెప్పండి.