మెలిపడే కడ్డీ కథ

మా రేగొండ పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో ఉంది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. కాళేశ్వరం యాత్రికులూ, బొగ్గు లారీలూ, చెల్పూరు విద్యుత్ కేంద్రానికి పోయే బండ్లూ ఈ రోడ్డునే నమ్ముకున్నాయి. బరువు బండ్లు తిరిగి తిరిగి తారు ఒక పక్కన కుంగుతుంది, అంచు తెగుతుంది. అందుకే గుంత చాలాసార్లు ఒక చక్రానికే తగులుతుంది. ఈ మాటతో తర్వాత పని ఉంది, చదువరులు గుర్తుంచుకోవాలి.

ఒకనాడు పెద్దమ్మను వరంగల్ ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. నా పాత సెడాన్ ప్రతి మలుపులోనూ ఒరుగుతుంటే ఆమె వెనక సీట్లో తలుపు పట్టుకుని, "బిడ్డా, పడవల కూసున్నట్టున్నదిరా" అన్నది. ఎదురు లారీకి తప్పుకోబోయి స్టీరింగు తిప్పితే కారు ఒరిగి, తేరుకోవడానికి ఒక క్షణం ఎక్కువే తీసుకుంది. ఆ క్షణం నన్ను చాలా రోజులు వెంటాడింది. మందమైన స్వే బార్ తెప్పించి బిగించాలని నిశ్చయించుకున్నాను. తెప్పించే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. స్ప్రింగే లేనప్పుడు దాని మీద ఊగడం ఎక్కడిది? మోటారుబండికి మెత్తని స్ప్రింగులు వచ్చాక కుదుపు తగ్గింది, మలుపులో ఒరగడం మొదలైంది. దానికి విరుగుడుగా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ వేశారు. కెనడాలోని ఫ్రెడరిక్టన్‌కు చెందిన స్టీఫెన్ కోల్‌మన్‌కు 1919 ఏప్రిల్‌లో దీని మీద పేటెంటు దక్కింది. కారు ఒక పక్కకు ఒరిగితే కడ్డీ మెలిపడుతుంది, మెలిపడడానికి ఇష్టపడక ఎదురు తిరుగుతుంది. కిటుకంతా ఇంతే. మన అంబాసిడర్ ముందు భాగం బరువును మోసినవీ మెలిపడే కడ్డీలే. అయితే అవి స్ప్రింగులకు బదులు పెట్టినవి, ఇది స్ప్రింగులకు తోడు.

ఈ కడ్డీ చరిత్రలో నన్ను నిలబెట్టేసిన ఘట్టం అమెరికాలో జరిగింది. జనరల్ మోటార్స్ వారి షెవర్లే కోర్వేర్ 1960 మోడలుగా వచ్చింది. ఇంజను వెనక ఉండే కారు. వేగంగా తిప్పితే వెనక భాగం జారిపోయే గుణం ఉంది. ముందు ఒక కడ్డీ ఉంటే కొంత అదుపులో ఉండేది, కానీ పెట్టలేదు. దానికి బదులు ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి ఉంచమన్నారు. పెట్రోలు బంకులో గాలి కొట్టేవాడి చేతిలో ప్రాణాలు పెట్టడమన్నమాట! మరింత గట్టి సస్పెన్షన్ కావాలన్నవారికి 1962 నుంచి అదనపు ధరకు కడ్డీతో సహా అమ్మారు. 1964 మోడలుకు గానీ అందరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడు రాల్ఫ్ నేడర్ తన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ కారును బోనెక్కించాడు. 1972లో అమెరికా ప్రభుత్వ పరీక్షలు మాత్రం అది తన కాలపు ఇతర కార్లకంటే అధ్వాన్నం కాదని తేల్చాయి. అది నిజమే కావచ్చు. కానీ అగ్గువ దొరికే ఒక కడ్డీని ఆస్తిపరుల సౌకర్యంగా లెక్కగట్టిన ఆ నాలుగేళ్లను నేను క్షమించలేను.

ఇక ఎంపిక సంగతి. కడ్డీ బిగువు దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల చోట 22 వేస్తే బిగువు దాదాపు 46 శాతం ఎక్కువ. 25 వేస్తే రెండున్నర రెట్లకు దగ్గర. కంటికి కనబడని తేడా, బండికి కొండంత. ముందు కడ్డీ మరీ బిగిస్తే కారు తిరగమన్నంత తిరగక బయటికి పోతుంది. వెనకది మరీ బిగిస్తే తోక జారుతుంది. మనదేశపు చాలా సెడాన్లకు వెనక వేరే కడ్డీ ఉండదు, చక్రాలను కలిపే దూలమే మెలిపడి ఆ పని చేస్తుంది.

ఇప్పుడు మన గుంత దగ్గరికి వద్దాం. స్పీడ్‌బ్రేకరు మీద రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తాయి, కడ్డీ ఊరికే తిరుగుతుంది, అడ్డుపడదు. ఒక చక్రమే గుంతలో పడితే కడ్డీ ఆ దెబ్బను రెండో చక్రానికీ పంచుతుంది. కడ్డీ ఎంత మందమైతే పంపకం అంత ఘనం. నున్నని రేసు మైదానంలో మేలు చేసేది మా దారిలో పెద్దమ్మ నడుముకు శత్రువు. పైగా కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పి ఉంది.

అయినా ఆశ చావక పరకాలలో ఒక మెకానిక్‌ను అడిగాను. ఆయన కారు కిందికి దూరి, కడ్డీని చేత్తో ఊపి నవ్వాడు. "రాడుకు ఏంగాలే సారూ, బుష్‌లు పోయినయ్, లింకులు లూజైనయ్. పట్టుకునేటిదే లేకుంటె రాడేంజేస్తది?" అరిగి రెండుగా చీలిన రబ్బరు ముక్కలు నా అరచేతిలో పెట్టాడు. నేను 46 శాతం లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో, ఉన్న కడ్డీ అసలు పనిలోనే లేదు.

బుష్‌లు, లింకులు మార్పించాను. కడ్డీ కంపెనీదే. మొన్న పెద్దమ్మను మళ్లీ వరంగల్ తీసుకుపోయాను. ఎప్పటిలాగే లారీ ఎదురొచ్చింది, స్టీరింగు తిప్పాను. అద్దంలో చూస్తే ఆమె నిద్రపోతున్నది.