గుంటూరు సీమలో ప్రకృతి వ్యవసాయం, గుడి

రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండా ఆవు పేడ, మూత్రం, ఆకుల కషాయాలతో చేసే సేద్యాన్ని గుంటూరు, ప్రకాశం ప్రాంత రైతులు ప్రకృతి వ్యవసాయమనీ, గో ఆధారిత వ్యవసాయమనీ అంటారు. పత్తి, మిరప పండే ఈ నేలలు ఒకప్పుడు పురుగుమందుల వాడకానికి పేరుమోసినవి. అక్కడే ఈ సేద్యం వేళ్లూనడం, 2021 నాటికి ప్రకృతి వ్యవసాయ పంట తిరుమల నైవేద్యం దాకా చేరడం దీని చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు.

పూర్వరంగం

కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న తుళ్లూరు చుట్టుపక్కల రెండు రకాల భూములున్నాయి. నదిని ఆనుకుని కూరగాయలు, అరటి పండే జరీబు భూములు ఒక రకం. లోపలికి పోతే పత్తి, మిరప వేసే నల్లరేగడి మరో రకం. ఈ ప్రాంతంలో గుడికీ పొలానికీ ఉన్న సంబంధం మాన్యాలతో మొదలైంది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు (మరణం 1816) అమరేశ్వరాలయానికి పోషకుడు. మంగళగిరి గాలిగోపురం కూడా ఆయన కట్టించిందే. దేవుడికి రాజు భూమి ఇస్తాడు, రైతు దున్నుతాడు, గింజ గుడికి చేరుతుంది: పాత ఏర్పాటు ఇది. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ తరువాత పెరిగిన చర్చిలలోనూ కోత పండుగనాడు తొలి పంటను కానుకగా తెచ్చే ఆచారం ఉంది.

1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాక పత్తి చేలల్లో తెల్లదోమ విజృంభించింది. పురుగును తినే పురుగులు మందు దెబ్బకు ముందుగా చచ్చాయి, దోమ మాత్రం మందుకు అలవాటుపడింది. దుకాణంలో అప్పుమీద తెచ్చిన డబ్బాలు పని చేయలేదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. తరువాత శనగపచ్చ పురుగు, 2002లో బీటీ పత్తి, 2021–22లో మిరపపై నల్ల తామర పురుగు వరుసగా వచ్చాయి.

మందు లేని సేద్యం

వెనక్కి మళ్లడానికి మొదటి ఉదాహరణలు తెలంగాణ వైపు నుంచి వచ్చాయి. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల 2003లో పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది. 2004 తరువాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. చేను గట్టున ఆముదం, వరసల మధ్య బంతి, చుట్టూ జొన్న వేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం అప్పుడు నేర్పినవే. పొగాకు లద్దె పురుగు ఆముదం ఆకు మీదికి పోతుంది, శనగపచ్చ పురుగు బంతిపూల మీద గుడ్లు పెడుతుంది. ఈ దశలో భక్తి మాట పెద్దగా వినబడదు. అప్పు తగ్గించుకోవడమే లక్ష్యం.

భక్తి వాసన సుభాష్ పాలేకర్‌తో వచ్చింది. ఆయనది విదర్భలోని అమరావతి జిల్లా. ఆంధ్ర కొత్త రాజధానికీ అదే పేరు కావడం వట్టి కాకతాళీయం. 2016లో పద్మశ్రీ అందుకున్న ఆయన పద్ధతిని రైతు సాధికార సంస్థ ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. 2017 డిసెంబరు చివర గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో మొదలైన శిక్షణకు వేల మంది రైతులు వచ్చి నేలమీద కూర్చుని, నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆశ్రమ ప్రవచనానికీ ఆ తరగతులకూ పోలిక వెతికితే దొరుకుతుంది.

ఈ సేద్యానికి మూలం జీవామృతం. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు కలిపి నీడన 48 గంటలు పులియబెడతారు. అది ఎకరానికి సరిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులను పెంచడం దీని పని, నేరుగా ఎరువు కాదు. మంగళగిరిలో పానకం తాగే దేవుడిని కొలిచే రైతుకు నేలకు బెల్లం నీళ్లు పోయడం వింతగా తోచలేదు. కషాయాలకు పెట్టిన పేర్లు నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం. అగ్నిఅస్త్రంలో పడే పచ్చిమిర్చి, పొగాకు రెండూ ఈ జిల్లాల సొంత పంటలే.

శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోలేదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతి నిరూపితం కాదని కేంద్రానికి చెప్పింది. మట్టిలో సూక్ష్మజీవులను పెంచే శక్తి దేశవాళీ ఆవు పేడకే ఉందన్న పాలేకర్ వాదన మీద వివాదం తీరలేదు. ఒంగోలు జాతికి పుట్టిల్లయిన ఈ నేలలోనే ట్రాక్టర్లు వచ్చాక పశువులు తగ్గాయి. ఆవు లేని రైతు జీవామృతాన్ని ఊళ్లో తయారుచేసే వాళ్ల దగ్గర కొనుక్కోవాల్సి వస్తోంది. పాలేకర్ నుంచి దూరం జరిగిన ప్రభుత్వ కార్యక్రమం తరువాత తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం, ఏడాది పొడవునా నేలను పచ్చగా కప్పి ఉంచడం మీద దృష్టి పెట్టింది. 2024లో పది లక్షల యూరోల గుల్బెంకియన్ బహుమతిని ఈ కార్యక్రమం, మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టులోని సెకెం సంస్థ కలిసి పంచుకున్నారు. సెకెంను 1977లో కైరో దగ్గరి ఎడారిలో ఇబ్రహీం అబూలేష్ ఇస్లాం విశ్వాసం పునాదిగా స్థాపించారు. ఈజిప్టులో పత్తిపై విమానాలతో మందు చల్లడం ఆగడంలో ఆ సంస్థ పాత్ర ఉంది. పత్తి రైతు కష్టం నైలు ఒడ్డునా కృష్ణ ఒడ్డునా ఒకటే.

నైవేద్యం

2021 మే 1 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి నైవేద్యానికి గో ఆధారిత వ్యవసాయంలో పండించిన సరుకు వాడడం మొదలుపెట్టింది. లడ్డూకు శనగపిండి కావాలి, ప్రకాశం శనగ పండే జిల్లా. అంతదాకా మాన్యం యజమానిగానే కనబడిన దేవుడు దీంతో కొనుగోలుదారు అయ్యాడు. ధర దగ్గర రైతుకు ఇది మేలే.

కానీ ఈ సీమ ప్రధాన పంటలకు గుడిలో చోటు తక్కువ. పత్తి వత్తి మేరకే, మిర్చి పులిహోర పోపు మేరకే. ఆ రెండింటికీ ధర చెప్పేది బజారే. తుళ్లూరు ప్రాంతంలో భూమే చేయి మారింది: 2015 భూసమీకరణలో 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా రాజధాని అమరావతికి ఇచ్చారు. కట్టడాలు ఆగిన ఏళ్లలో ఆ చేలల్లో కంప మొలిచింది, 2024లో దాన్ని కొట్టించారు.

కౌలు చిక్కు ఇంకా పాతది. నేల కోలుకోవడానికి కొన్ని పంటకాలాలు పడుతుంది. వచ్చే ఏడు పొలం తనదో కాదో తెలియని కౌలు రైతు ఆ ఓపిక పట్టలేడు, మందు డబ్బాయే కొంటాడు. దేవుడి మాన్యాలకూ ఇదే వర్తిస్తుంది. దేవాదాయ శాఖ ఆ భూములను కొద్దేళ్ల కౌలుకు వేలం వేస్తుంది. ఎక్కువ పాడిన వాడికి పొలం దక్కుతుంది, గడువు తీరాక మళ్లీ వేలం.